గంటకొక్క రింగు

ఆసుపత్రి లాండ్రీ గది నుంచి,
జూన్ 10

చిన్నమ్మలూ,

నువ్వు చెప్పిన అడ్రసు ఇదేనో కాదో తెలియదు. అంకెలు మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను, కవరు మీద చూసే ఉంటావు. ఐదో తరగతి వదిలేశాక నేను రాసిందల్లా దుప్పట్ల మీద వార్డు నంబర్లే. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు.

ఆదివారం ఫోన్ చేసి ఒక్క నిమిషంలో చెప్పి పెట్టేశావు. "అమ్మా, రేపటినుంచి ఆరు వారాలు నా ఫోన్ ఆఫీసు బీరువాలో ఉంటుంది, ఉత్తరం రాయి, కంగారు పడకు" అని. కంగారు పడకు అంటే పడకుండా ఉండే మనిషినా నేను. ఇన్నేళ్ళుగా చూస్తున్నావు కదా.

మీ అన్నయ్య పోయిన దగ్గర్నుంచి మనకొక పద్ధతి ఉంది. ఇక్కడ గోడ గడియారం గంట కొట్టగానే నేనొక రింగు ఇస్తాను. నువ్వొక రింగు ఇచ్చి కట్ చేస్తావు. ఎత్తక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. నువ్వున్నావని నాకు, నేనున్నానని నీకు. ఎనిమిది నెలల్లో నువ్వొక్క గంట తప్పలేదు. నిన్న తొమ్మిదికి ఇస్తే స్విచ్ ఆఫ్ అని ఎవరో అమ్మాయి చెప్పింది. పదికీ ఆవిడే. పదకొండుకి ఆవిడ గొంతు వింటే కొట్టాలనిపించింది. పక్క బల్ల అక్క నా అవస్థ చూసి, "రోజుకి ఎనిమిదిసార్లు మాట్లాడుతున్నావు, ఆవిడకీ ఒక ఉత్తరం రాసి పడెయ్యి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని.

నిజం చెప్పు. ఏం చేశావు? ఎవరితోనైనా గొడవా? ఎవరైనా అబ్బాయా? ఊరికే పిల్లల ఫోన్లు ఎవరూ లాక్కోరు.

ఇట్లు,
అమ్మ

---

హాస్టల్, రెండో అంతస్తు,
జూన్ 14

అమ్మకు,

అంకెలు కరెక్టే. ఉత్తరం ఎవరికీ చూపించలేదు గానీ, మా గదిలో నాలుగో మంచం అమ్మాయి కవరు చూసి "మీ అమ్మ అక్షరాలు ఇస్త్రీ చేసినట్టున్నాయే" అంది.

అబ్బాయి లేడు. ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కూర్చుని చదువు.

పోయిన నెల ల్యాబులో నా ముందు ఇద్దరు పేషెంట్ల రక్తం గొట్టాలున్నాయి. పేర్ల చీటీలు అంటించాలి. పదకొండయింది. ఏప్రన్ జేబులో ఫోన్ వణికింది. ల్యాబులోకి ఫోన్ తేకూడదని నాకు తెలుసు. గ్లౌజు తీసి, నీకు రింగు ఇచ్చి, కొత్త గ్లౌజు వేసుకున్నాను. ఎంతసేపని, అర నిమిషం. ఆ తర్వాత ఒకరి చీటీ ఇంకొకరి గొట్టానికి అంటించాను. ఆ పేషెంటు పాత ఫైల్లో బి గ్రూపు అని ఉంటే, నేను పంపిన గొట్టంలో ఓ వచ్చింది. ల్యాబ్ సార్ ఫైలు తిరగేశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే వాళ్ళలో ఒకరికి పడని రక్తం ఎక్కించేవాళ్ళు.

సార్ అరవలేదమ్మా. అరిచినా బాగుండేది. "ఇంకొక్కసారి నీ దగ్గర ఫోన్ కనిపిస్తే పేరు కొట్టేస్తాను. ఇంటికెళ్ళి తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నాడు. జూలై పద్దెనిమిదిన ప్రాక్టికల్ పరీక్ష. అది దాటితేనే రెండో ఏడు.

తర్వాత నన్ను కౌన్సెలింగ్ మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ రెండు కాగితాలు ఇచ్చింది. ఒకటి నిండా ఫోన్ గురించి ప్రశ్నలు. రెండోది నిండా మనుషుల గురించి. దగ్గరివాళ్ళు వదిలేసి పోతారని భయమేస్తుందా, జవాబు ఆలస్యమైతే ఏమనుకుంటావు, ఇలాంటివి. నాకు రెండింట్లోనూ ఎక్కువ మార్కులొచ్చాయి. ఎక్కువొస్తే ఏడవాల్సిన పరీక్ష అదొక్కటే. మనుషులు పోతారన్న భయం ఉన్నవాళ్ళలో చాలామందికి ఫోన్ కింద పెట్టడం కష్టమవుతుందట. అందరికీ కాదట. మేడమ్ దగ్గరికే వచ్చే నాలుగో మంచం అమ్మాయికి అసలు ఎవరూ అక్కర్లేదు, మేము పలకరిస్తామని భయపడి వీడియోల్లో దూరి కూర్చుంటుంది. "నీకు మోగకపోతే భయం, నాకు మోగితే భయం, ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు" అంటుంది.

నీ రింగు కోసమే నేను ఫోన్ పట్టుకుంటున్నానని అనుకున్నాను. కాదమ్మా. ప్లాస్టిక్ కవర్లో పెట్టి స్నానాల గదిలోకి కూడా తీసుకెళ్తున్నాను. నీ రింగు వచ్చాక మళ్ళీ రింగు వచ్చేదాకా దాన్నే చూస్తున్నాను. పుస్తకం తెరిస్తే ఒక్క పేజీ దాటదు. ఆరు వారాలు బీరువాలో పెడతానని నేనే ఒప్పుకున్నాను. అత్యవసరమైతే వార్డెన్ గదిలో ఫోన్ ఉంది. మూడు రోజులకి ఉత్తరం చేరుతుంది. ఆ మూడు రోజులు ఆగడం నేర్చుకోమంది మేడమ్.

నువ్వు సరిగా తింటున్నావా?

నీ చిన్నమ్మలు

---

లాండ్రీ గది,
జూన్ 19

చిన్నమ్మలూ,

అంటే తప్పు నాదన్నమాట. నేను రింగు ఇవ్వబట్టే చీటీలు మారాయి. అలా అనలేదంటావు, నాకు తెలుసు, నువ్వు అనవు. ఆ మేడమ్‌కి పిల్లలున్నారేమో అడుగు. మీ నాన్న పోయేనాటికి నీకు మూడేళ్ళు. మీ అన్నయ్య కూడా పోయాక నాకు మిగిలింది నువ్వొక్కదానివి. భయం ఉండదా? దానికి కాగితాలూ మార్కులూ ఎందుకు, నన్నడిగితే చెప్పేదాన్ని.

మంగళవారం తిండి మానేసి బస్టాపుకి వెళ్ళాను. మూడు బస్సులు పోనిచ్చాను. వస్తే నీ పేరు కొట్టేస్తారేమోనని, రాకపోతే నీకేమన్నా అవుతుందేమోనని. తిరిగొచ్చేసరికి నా బల్ల మీద తడి దుప్పట్లు కొండలా ఉన్నాయి. పక్క బల్ల అక్క సగం మడిచి పెట్టింది.

రెండు తువ్వాళ్ళు పంపుతున్నాను. నీలం దాని మడత నువ్వొక్కదానివే విప్పు, నలుగురిలో విప్పకు. ఆసుపత్రి మడత వేశాను, నాలుగు పొరలు. లోపల నా పాత బటన్ ఫోన్ ఉంది. శబ్దం రాదు. గంటగంటకీ వద్దులే, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి చాలు. ఇరవై ఏళ్ళుగా మడతలు వేస్తున్నాను, నా మడతలో ఏముందో కనిపెట్టే మనిషి ఇంకా పుట్టలేదు.

కోప్పడకు తల్లీ. ఒక్క రింగు.

అమ్మ

---

హాస్టల్,
జూన్ 30

అమ్మకు,

తువ్వాళ్ళు అందాయి. ఫోన్ కూడా.

దాన్ని చూడగానే నాకు ఏడుపు రాలేదు, ఆకలేసినట్టయింది. మొదటిరోజు రెండుసార్లు ఇచ్చాను. రెండోరోజు ఆరుసార్లు. ఆరుసార్లూ నువ్వు వెంటనే తిరిగి ఇచ్చావు. నీకు పని లేదా? మూడోరోజు దాన్ని సాక్సులో దోపుకుని ల్యాబుకి బయల్దేరాను. తలుపు దాకా వెళ్ళాను. లోపల సార్ గొట్టాలు సర్దుతున్నాడు. ఇంకొక్క అడుగు వేస్తే నా చదువు సార్ చేతిలో ఉంటుందని తెలుసు. తెలిసీ వెయ్యబోయాను. అది చూసి నాకే భయమేసింది. వెనక్కి తిరిగి మేడమ్ గదికి వెళ్ళి బల్ల మీద పెట్టాను.

ఆవిడ తిట్టలేదు. "రింగు ఎత్తకపోతే ఏమవుతుందని నీ భయం?" అని అడిగింది. ఎవరికీ చెప్పనిది చెప్పాను. నీకూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అన్నయ్య లిఫ్టు పని మీద ఉండగా ఆ రోజు రెండున్నరకి నాకు ఫోన్ చేశాడు. నేను క్లాసులో ఉన్నాను, ఫోన్ సంచిలో ఉంది. నాలుగింటికి పడిపోయాడు. సాయంత్రం ఆసుపత్రి వరండాలో నువ్వు నా రెండు భుజాలూ పట్టుకుని, "వాడు నీకు ఫోన్ చేశాడే. నువ్వు ఎత్తి ఉంటే" అన్నావు. అక్కడ ఆపేశావు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. నీ కొడుకు పోయిన గంటలో నువ్వేమన్నా నేను పడతాను. కానీ నువ్వు ఆపిన మాట నేను రోజూ పూర్తి చేస్తున్నాను. ఒకరోజు వాడు "ఒంట్లో బాగాలేదు, పని మానేసి ఇంటికెళ్ళనా" అంటాడు. ఒకరోజు "ఇక్కడ పట్టుకోడానికి సరిగా లేదు, భయంగా ఉంది" అంటాడు. నేను వెళ్ళిపో అంటాను, వాడు వెళ్ళిపోతాడు, బతుకుతాడు. ఫోన్ మోగితే అది వాడేనేమో, ఈసారి తప్పిపోకూడదు అనిపిస్తుంది. ఇదీ నా జబ్బు.

మేడమ్ ఆ ఫోన్‌ని బీరువాలో పెట్టి, రిజిస్టర్లో "తనే తెచ్చి ఇచ్చింది" అని రాసింది. అందుకని సార్ దాకా పోలేదు. ఇంకోసారి పంపకు. పంపితే నేను ఆ తలుపు దగ్గర ఆగుతానో లేదో నాకు తెలియదు.

చి.

---

ఇంటి నుంచి,
జూలై 5

నా తల్లీ,

ఇది మూడు రోజులుగా రాస్తున్నాను. లాండ్రీలో రాస్తే చెమట చుక్కలు పడి అక్షరాలు చెదురుతున్నాయి, ఇంటికి తెచ్చుకున్నాను. వాడి మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

నేను నీకొక అన్యాయం చేశాను. ముందు అది చెప్పేస్తే గానీ మిగతాది చెయ్యి సాగదు. వాడు నీకెందుకు ఫోన్ చేశాడో నాకు తెలుసు. ఎనిమిది నెలలుగా తెలుసు.

వాడు పోయిన తొమ్మిదో రోజు, వాడితో జంటగా పనిచేసే అబ్బాయి, మీరిద్దరూ బక్కోడు అనేవాళ్ళు చూడు, వాడు మీ అన్నయ్య పనిముట్ల సంచి తెచ్చి ఇచ్చాడు. నువ్వప్పటికే హాస్టల్‌కి వెళ్ళిపోయావు. గడప మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆ రోజు లిఫ్టు కింద గుంటలో నీళ్ళు నిలిచాయట. తోడుతుంటే బకెట్లోకి ఒక కప్ప వచ్చిందట. బక్కోడు చేత్తో తీయబోతే మనవాడు "కరుస్తుందిరా" అన్నాడట. "కప్పకి పళ్ళెక్కడివిరా కరవడానికి" అని బక్కోడు. "ఎందుకుండవు, ఉంటాయి" అని మనవాడు. ఇద్దరూ పని మానేసి కప్ప కోసం కొట్టుకున్నారు. ఓడినవాడు టీ తాగించాలని పందెం. తీర్పు ఎవరు చెప్పాలి? "మా చెల్లి చెప్తుంది, దానికి తెలియనిది లేదు" అని నీకు ఫోన్ చేశాడు.

అదే తల్లీ ఆ ఫోన్. కప్పకి పళ్ళుంటాయా లేవా అని.

నువ్వు ఎత్తకపోతే వాడేమీ అనుకోలేదట. "క్లాసులో ఉన్నట్టుంది. నాలా కాదు, అది చదువుకునే పిల్ల. సాయంత్రం అడుగుదాంలే" అని జేబులో పెట్టుకుని, నవ్వుకుంటూ కప్పని గట్టు మీద వదిలాడట. ఆ తర్వాత గంటన్నర పనిచేశారు, పాటలు పాడుకుంటూ. నాలుగో అంతస్తులో కాలు జారింది. నువ్వు ఎత్తినా వాడు ఆ అంతస్తుకి వెళ్ళేవాడే. ఎత్తి ఉంటే ఒక టీ గెలిచేవాడో ఓడేవాడో, అంతే తేడా.

వరండాలో ఆ మాట నేను అన్నాను. వాడి ఫోన్లో చివర నీ నంబరు చూసి అన్నాను. ఎవర్నో ఒకర్ని అనకపోతే నా గుండె ఆగేలా ఉంది, ఎదురుగా నువ్వున్నావు. తొమ్మిదో రోజు నిజం తెలిసింది. అదే పూట నీకు ఫోన్ చేసి చెప్పాల్సింది. చేశాను. నువ్వు ఒక్క రింగుకే ఎత్తావు. ఎప్పుడూ అలా ఎత్తవు నువ్వు, రెండోసారి చేస్తే గానీ పలకవు. "అమ్మా, ఉన్నాను, ఉన్నాను" అన్నావు. నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పేస్తే నీ భయం పోతుంది, భయం పోతే మళ్ళీ మామూలుగా ఐపోతావు, నీ పనుల్లో పడి నన్ను మర్చిపోతావు అనిపించింది. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు చెబుదాంలే అనుకున్నాను. నీ రింగు గంటగంటకీ వస్తుంటే ఇక నోరు రాలేదు. నా కడుపు నింపుకోడానికి నీకు నిద్ర లేకుండా చేశాను. ఆ రక్తం గొట్టాల పని కూడా నాదే అనుకో.

ఇందులో నీ తప్పు ఇసుమంత కూడా లేదు. కావాలంటే బక్కోణ్ణి అడుగు.

కోప్పడు. ఎంత కోపం వస్తే అంత రాయి. రాయాలనిపించకపోతే రాయకు. నేను వార్డెన్‌కి ఫోన్ చెయ్యను. వాడి మంచం మీద కూర్చుని చెప్తున్నాను, చెయ్యను.

అమ్మ

---

పోస్టుకార్డు
జూలై 14

చిన్నమ్మలూ,

నీ ఉత్తరం రాలేదు. అడగడానికి కాదు ఈ కార్డు. నా ఫోన్ కూడా లాండ్రీలో ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పక్క బల్ల అక్కకి ఇచ్చాను. మొదటిరోజు రెండుసార్లు అడిగాను. "ఏడ్చినా ఇవ్వను" అంది. ఇవాళ ఒక్కసారే అడిగాను. నీ పరీక్షకి ఇంకా నాలుగు రోజులుంది. చూసుకుని అంటించు.

అమ్మ

---

హాస్టల్,
జూలై 22

అమ్మా,

నీ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని మడిచి పరుపు కింద పెట్టి క్లాసుకి వెళ్ళిపోయాను. మర్నాడు మూడు జవాబులు రాసి చింపేశాను. అవి నీకు పంపకపోవడమే మంచిదైంది. ఎనిమిది నెలలమ్మా. నేను వాడి చేత ఎన్ని మాటలు అనిపించానో నీకు తెలియదు. ఒక్కటి కూడా కప్ప గురించి కాదు.

కోపం ఇంకా ఉంది. అబద్ధం చెప్పను. కానీ కోపంతో పాటు ఇంకోటి కూడా జరిగింది. నాలుగో రోజు అన్నం తింటుంటే ఉన్నట్టుండి వాడు కప్పున్న బకెట్ పట్టుకుని, నాకు రింగు ఇస్తూ నిలబడ్డట్టు కనిపించాడు. "ఎత్తవే, పరువు పోయేలా ఉంది" అంటున్నట్టు. నాకు నవ్వొచ్చి పొలమారింది. నాలుగో మంచం అమ్మాయి వీపు మీద కొడుతూ "చస్తావా ఏంటి" అంది. అంతా చెప్పాను. ఎవరితోనూ మాట్లాడని ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని జంతుశాస్త్రం గదికి తీసుకెళ్ళింది. అక్కడ గాజు సీసాల్లో కప్పలుంటాయి. అటెండర్‌ని బతిమాలి ఒకటి తీయించాం. గ్లౌజు వేసుకుని దాని నోట్లో వేలు పెట్టాను.

పై దవడకి ఉన్నాయమ్మా. చిన్న రంపంలా గరగరలాడుతున్నాయి. కింది దవడ నున్నగా ఉంది. ఇద్దరూ సగం సగం గెలిచారు. బక్కోడికి చెప్పు.

పద్దెనిమిదిన పరీక్ష అయింది. పన్నెండు గొట్టాలు, పన్నెండు చీటీలు. మధ్యలో ఎన్ని గంటలైందో నాకు తెలియలేదు. సార్ ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసి, "ఎవరి రక్తం వాళ్ళ దగ్గరే ఉంది, అదృష్టవంతులు" అన్నాడు. ఆయన పొగిడితే అలాగే ఉంటుందట. రెండో ఏడు లిస్టులో నా పేరు ఉంది. మొదటి వరసలో కాదు, ఉంది.

ఫోన్ ఇచ్చేశారు. ఇప్పుడు సొరుగులో ఉంది. చెయ్యి ఇంకా జేబు తడుముతుంది, మేడమ్ తడమనీ అంది. గంటగంటకీ రింగు వద్దమ్మా. ఆదివారం సాయంత్రం నేను చేస్తాను, కట్ చెయ్యకుండా మాట్లాడుకుందాం. నేను చెయ్యడం ఆలస్యమైతే నిన్ను మర్చిపోయానని కాదు. మర్చిపోతానని ఎలా అనుకున్నావు నువ్వు? ఆ ఒక్క మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

తువ్వాళ్ళు బాగున్నాయి.

నీ చిన్నమ్మలు

---

లాండ్రీ గది,
జూలై 26

చిన్నమ్మలూ,

నీ ఉత్తరం వచ్చింది. పక్క బల్ల అక్కకి చదివి వినిపించాను. ఎవరికీ చూపించకు అని నేనే అన్నాను గానీ, ఇది నా ఉత్తరం కాదుగా.

నీ పేరు లిస్టులో ఉందన్న చోట ఆగి, ఆ ముక్క మళ్ళీ చదివాను. తర్వాత మిషన్ పక్కన కింద కూర్చుండిపోయాను. ఏడవలేదు. బరువు మోసి మోసి దించాక చేతులు వాటంతటవే పైకి లేస్తాయి చూడు, అలాగ ఉంది నాకు.

ఇవాళ బక్కోణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. కొత్త బిల్డింగులో పనిచేస్తున్నాడు. మెట్ల దగ్గరికి పిలిచి తీర్పు చెప్పాను, పైన ఉన్నాయి, కింద లేవు అని. వాడు తలకి పెట్టుకున్న టోపీ తీసి, "పెద్దమ్మా, వాడుంటే ఒప్పుకునేవాడా? పై దవడే అసలు దవడ, కిందది ఎవడికి కావాలి అని మొత్తం టీ నా చేతే ఇప్పించుకునేవాడు" అన్నాడు. నిజమే, అచ్చం అలాగే అనేవాడు. ఇద్దరం ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్ళి ఒక టీ చెప్పి రెండు గ్లాసుల్లో పోయించుకున్నాం. బక్కోడి సగం బక్కోడు తాగాడు. మనవాడి సగం నేను తాగాను. వాడు వేయించుకున్నట్టే మూడు చెంచాల చక్కెర వేయించాను. అంత తీపి ఎలా తాగేవాడో.

కోపం ఉంచుకో. పోయినప్పుడు పోతుంది. ఆదివారాలు నువ్వు చెయ్యి, ఎప్పుడు వీలైతే అప్పుడు. నేను నాలుగు నుంచి ఎదురు చూస్తాను గానీ, నాలుగుకే చెయ్యమని కాదు.

టీ తాగి తిరిగొచ్చి మూడో వార్డు దుప్పట్లు మొదలుపెట్టాను. మొత్తం మడిచి అరలో పెట్టి తిరిగితే, పక్క బల్ల అక్క ఇనప పెట్టె తాళంచెవి వేలికి తగిలించుకుని చూస్తోంది. "ఇవాళ అడగవేం? మూడు కొట్టింది, నాలుగు కొట్టింది" అంది.

నేను రెండూ వినలేదు.

అమ్మ